కాలిఫోర్నియా రాష్ట్ర రహదారి 49

కాలిఫోర్నియా రాష్ట్ర రహదారి 49 అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, సియెర్రా నెవాడా పర్వతశ్రేణి పడమటి చరియల మీదుగా దక్షిణం నుండి ఉత్తరానికి సాగే ఒక రహదారి. ఇది మడెరా కౌంటీలోని ఓక్‌హర్స్ట్ పట్టణం వద్ద మొదలై ప్లూమస్ కౌంటీలోని వింటన్ గ్రామం వద్ద ముగుస్తుంది. దీని మొత్తం పొడవు సుమారు 295 మైళ్ళు (475 కి.మీ.). ఈ దారి 11 కౌంటీల గుండా పోతుంది. కౌంటీ అనగా రాష్ట్రానికి లోబడిన పరిపాలనా విభాగం. దీనిని మన జిల్లాతో పోల్చవచ్చును.

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడిన తరువాత ఈ కొండలలో వందలాది గని శిబిరాలు వెలసినవి. వాటిలో నిలిచిన ఊళ్ళను ఒకదానితో ఒకటి కలుపుతూ ఏర్పడినదే ఈ రహదారి. అందువలన దీనికి "గోల్డెన్ చైన్ హైవే" (బంగారు గొలుసు రహదారి), "మదర్ లోడ్ హైవే" అనే పేర్లు కూడా కలవు. దారి వెంట ఎక్కువ భాగం చిన్న ఊళ్ళు, పచ్చిక బయళ్ళు, ఓక్ వనాలు, పైన్ అడవులు మాత్రమే కనబడతాయి.

పేరు, సంఖ్య

బంగారం వార్త విని 1849వ సంవత్సరంలో ప్రపంచం నలుమూలల నుండి కాలిఫోర్నియాకు తరలివచ్చిన వారిని "ఫార్టీనైనర్లు", అనగా "నలభైతొమ్మిది వారు" అని పిలిచేవారు. వారి జ్ఞాపకార్థమే ఈ దారికి 49 అనే సంఖ్య ఇవ్వబడినది. కాలిఫోర్నియా రాష్ట్ర రహదారులకు సంఖ్యల పలకలను పెట్టడం 1934లో మొదలయినది. ఆ పలకల ఆకారం కూడా గని కార్మికుని పారను పోలి ఉంటుంది. 1964 నుండి అవి ఆకుపచ్చ రంగుపై తెల్లని అక్షరాలతో ఉంటున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేరుకు కూడా మూలం ఈ ఫార్టీనైనర్లే.

భౌగోళిక స్వరూపం

"మదర్ లోడ్" అనగా తల్లి సిర అని చెప్పుకోవచ్చును. సియెర్రా నెవాడా అడుగు కొండలలో మారిపోసా నుండి ఎల్ డొరాడో కౌంటీ వరకు సుమారు 120 మైళ్ళ పొడవున, కొద్ది మైళ్ళ వెడల్పున క్వార్ట్జ్ శిలల సిరలు ఒక వరుసగా ఉన్నాయి. భూమి లోపలి భ్రంశాల వెంట వేడి ద్రవాలు పైకి ఎగబ్రాకి, చల్లబడి, క్వార్ట్జ్‌తో పాటు బంగారాన్ని కూడా పగుళ్ళలో నిలిపినందున ఇవి ఏర్పడినాయి. తరువాత నదులు ఆ శిలలను కోసి, బంగారు రేణువులను ఇసుకలోనికి, గులకరాళ్ళలోనికి చేర్చాయి. మొదట వచ్చినవారు పళ్ళెములతో ఇసుకను కడిగి ఏరుకున్నది ఈ రేణువులనే. ఇసుకలోని బంగారం తరిగిన తరువాత కొండలను తొలిచి, సిరలను వెదుకుతూ లోతైన గనులు త్రవ్వారు.

రహదారి 49 యొక్క దక్షిణ భాగం ఈ సిర వెంటనే సాగుతుంది. నదులు మాత్రం తూర్పున ఉన్న మంచు శిఖరాల నుండి పడమటి మైదానానికి ప్రవహిస్తాయి. కనుక ఈ దారి దాదాపు ప్రతి నదికీ అడ్డంగా పోవలసి వస్తుంది. మెర్సెడ్, టువాలమీ, స్టానిస్లాస్, కాలవెరాస్, మొకెలమీ, కొసుమ్నెస్, అమెరికన్, బేర్, యూబా నదుల లోయలలోనికి దిగి, మరల ఆవలి గట్టుకు ఎక్కడమే ఈ దారి స్వభావం. ఘాట్ రోడ్డు వంటి మెలికలు అనేకం ఉన్నందున ప్రయాణం నెమ్మదిగా సాగుతుంది. కౌంటీల సరిహద్దులు కూడా చాలాచోట్ల ఈ నదులే.

కౌంటీలు

ఈ దారి దాటే కౌంటీలు దక్షిణం నుండి ఉత్తరానికి వరుసగా ఇవి. కుండలీకరణాలలో కౌంటీ ఏర్పడిన సంవత్సరం ఇవ్వబడినది.

* మడెరా (1893)
* మారిపోసా (1850)
* టువాలమీ (1850)
* కాలవెరాస్ (1850)
* అమడోర్ (1854)
* ఎల్ డొరాడో (1850)
* ప్లాసర్ (1851)
* నెవాడా (1851)
* యూబా (1850)
* సియెర్రా (1852)
* ప్లూమస్ (1854)

కాలిఫోర్నియా 1850 సెప్టెంబరు 9న అమెరికాలో రాష్ట్రంగా చేరినది. మడెరా తప్ప మిగిలిన 10 కౌంటీలు 1850 - 1854 మధ్యకాలంలోనే ఏర్పడటం గమనించదగినది. మారుమూల కొండలలో ఇన్ని పరిపాలనా కేంద్రాలు ఇంత త్వరగా ఏర్పడటానికి కారణం బంగారం కొరకు వచ్చిన జనమే. ఈ 11 కౌంటీలలో 8 కౌంటీల ముఖ్యపట్టణాలు నేటికీ ఈ రహదారి మీదనే ఉన్నాయి. అవి మారిపోసా, సొనోరా, శాన్ ఆండ్రియాస్, జాక్సన్, ప్లాసర్‌విల్, ఆబర్న్, నెవాడా సిటీ, డౌనీవిల్.

మార్గ వివరణ

మడెరా, మారిపోసా కౌంటీలు

ఓక్‌హర్స్ట్ వద్ద రాష్ట్ర రహదారి 41 నుండి చీలి ఈ దారి వాయవ్యంగా బయలుదేరుతుంది. యోసెమిటీ జాతీయవనానికి దక్షిణం వైపు నుండి వెళ్ళేవారు ఓక్‌హర్స్ట్ మీదుగానే పోతారు. కొద్ది దూరంలోనే దారి మారిపోసా కౌంటీలో ప్రవేశిస్తుంది. స్పానిష్ భాషలో మారిపోసా అనగా సీతాకోకచిలుక. మొదట ఈ కౌంటీ రాష్ట్రంలోకెల్లా పెద్దది. తరువాత దీని నుండి అనేక కౌంటీలు చీలినందున దీనిని "కౌంటీల తల్లి" అంటారు. నేడు ఈ కౌంటీలో పురపాలక హోదా గల పట్టణం ఒక్కటి కూడా లేదు. మారిపోసా పట్టణంలో 1854లో కట్టిన చెక్క న్యాయస్థాన భవనం నేటికీ వాడుకలో ఉన్నది.

మారిపోసా దాటిన తరువాత బేర్ వ్యాలీ వస్తుంది. అన్వేషకుడు, సైనికాధికారి అయిన జాన్ ఫ్రీమాంట్ ఇక్కడి విశాలమైన భూమిని 1847లో కొన్నాడు. తరువాత ఆ భూమిలోనే బంగారం దొరికినది. బేర్ వ్యాలీ నుండి దారి మెలికలు తిరుగుతూ మెర్సెడ్ నది లోయలోనికి దిగుతుంది. లోయ అడుగున ఉన్న బాగ్బీ ఒకప్పుడు ఒక ఊరు. 1967లో న్యూ ఎక్స్‌చెకర్ ఆనకట్ట పూర్తయిన తరువాత ఆ స్థలం మెక్‌క్లూర్ జలాశయంలో మునిగినది. ఆవలి గట్టు ఎక్కితే కూల్టర్‌విల్ అనే చిన్న ఊరు, అక్కడ రాష్ట్ర రహదారి 132 కూడలి వస్తాయి. చైనా వ్యాపారులు నడిపిన మట్టిగోడల దుకాణం ఒకటి ఈ ఊరిలో ఇంకా నిలిచి ఉన్నది.

టువాలమీ కౌంటీ

మొకాసిన్ వద్ద రహదారి 49 రాష్ట్ర రహదారి 120తో కలుస్తుంది. ఇక్కడి జలవిద్యుత్ కేంద్రం, యోసెమిటీ జాతీయవనంలోని హెచ్ హెచీ లోయ నుండి శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి నీటిని తీసుకొనిపోయే పథకంలో భాగం. ఆ నీరు 1934లో నగరానికి చేరినది. రెండు రహదారులు ఉమ్మడిగా డాన్ పెడ్రో జలాశయాన్ని వంతెనపై దాటుతాయి. 1971లో పూర్తయిన కొత్త డాన్ పెడ్రో ఆనకట్ట వలన జాక్సన్‌విల్ అనే పాత గని ఊరు నీట మునిగినది.

తరువాత వచ్చే చైనీస్ క్యాంప్ పేరుకు తగినట్లే చైనా గని కార్మికులు స్థిరపడిన ఊరు. ఇతర శిబిరాల నుండి తరిమివేయబడిన చైనీయులు అనేకులు ఇక్కడ చేరారు. 2025 సెప్టెంబరు మొదటి వారంలో పిడుగుల వలన చెలరేగిన కార్చిచ్చు ఈ ఊరిలోని అనేక ఇళ్ళను దహించివేసినది.

ఇక్కడి నుండి దారి ఉత్తరంగా తిరిగి, రాష్ట్ర రహదారి 108తో కలిసి జేమ్స్‌టౌన్ చేరుతుంది. 1897లో స్థాపించబడిన సియెర్రా రైల్వే యొక్క పాత ఇంజనులు, మరమ్మతు శాలలు ఇక్కడ రాష్ట్ర చారిత్రక వనంగా రక్షింపబడుతున్నాయి. తరువాతి పట్టణం సొనోరా. మెక్సికోలోని సొనోరా రాష్ట్రం నుండి వచ్చిన గని కార్మికులు 1848లో దీనిని స్థాపించారు. సొనోరాకు ఉత్తరాన, రహదారికి కొద్దిగా పక్కన ఉన్న కొలంబియా గని పట్టణాన్ని రాష్ట్ర ప్రభుత్వం 1945లో చారిత్రక వనంగా ప్రకటించినది.

కాలవెరాస్ కౌంటీ

టటిల్‌టౌన్ దాటిన తరువాత దారి న్యూ మెలోనెస్ జలాశయం మీదుగా ఆర్చీ స్టీవనాట్ వంతెనపై కాలవెరాస్ కౌంటీలోనికి పోతుంది. ఈ జలాశయం స్టానిస్లాస్ నదిపై కట్టినది. దీని అడుగున మెలోనెస్ అనే పాత ఊరు, పూర్వం నదిని పడవపై దాటించిన రేవు ఉన్నాయి. ఆనకట్ట నిర్మాణం 1979 నాటికి ముగిసినపుడు, పైభాగంలోని లోయను ముంచవద్దని పెద్ద ఉద్యమం జరిగినది. 1979 మేలో మార్క్ డుబోయ్ అనే ఉద్యమకారుడు నది ఒడ్డున తనను తాను గొలుసుతో బండకు కట్టుకొని నీరు నింపడాన్ని కొంతకాలం ఆపించగలిగాడు. అయినా 1980ల మొదట్లో జలాశయం నిండినది.

వంతెనకు ఆవల కార్సన్ హిల్ ఉన్నది. 1854లో ఇక్కడ 195 ట్రాయ్ పౌండ్ల బరువు గల బంగారు ముద్ద దొరికినది. కాలిఫోర్నియాలో దొరికిన వాటిలో అదే అతి పెద్దదిగా చెప్పబడుతుంది. తరువాతి ఊరు ఏంజెల్స్ క్యాంప్. రచయిత మార్క్ ట్వేన్ 1864-65 శీతాకాలంలో టటిల్‌టౌన్ వద్ద ఒక చిన్న చెక్క ఇంటిలో కొన్నాళ్ళు ఉన్నాడు. ఏంజెల్స్ క్యాంప్‌లో తాను విన్న కప్ప పందెం ముచ్చట ఆధారంగా 1865లో వ్రాసిన కథతో ఆయన పేరు దేశమంతటా తెలిసినది. 1928 నుండి ఈ ఊరిలో కప్పల గెంతుల పోటీ ఏటేటా జరిగే ఉత్సవంగా మారినది.

కౌంటీ ముఖ్యపట్టణమైన శాన్ ఆండ్రియాస్ వద్ద రాష్ట్ర రహదారి 12 కలుస్తుంది. వెల్స్ ఫార్గో సంస్థ గుర్రపు బండ్లను దోచుకున్న "బ్లాక్ బార్ట్" అనే మారుపేరు గల చార్లెస్ బోల్స్ 1883లో పట్టుబడి ఇక్కడి కారాగారంలో ఉంచబడ్డాడు. స్పానిష్ భాషలో కాలవెరాస్ అనగా పుర్రెలు.

అమడోర్ కౌంటీ

మొకెలమీ హిల్ ఊరు దాటి, మొకెలమీ నది మీదుగా దారి అమడోర్ కౌంటీలో ప్రవేశించి జాక్సన్ చేరుతుంది. జాక్సన్‌కు అంచునే రహదారికి ఇరువైపులా ఆర్గోనాట్, కెన్నెడీ అనే రెండు లోతైన గనుల శిథిలాలు కలవు. కెన్నెడీ గని లోతు 5,912 అడుగులు. గని వ్యర్థాలను కొండ మీదుగా ఆవలికి చేరవేయడానికి 58 అడుగుల వ్యాసం గల 4 భారీ చక్రాలను 1914లో కట్టారు. వాటి అవశేషాలు నేటికీ చూడవచ్చును.

1922 ఆగస్టు 27 రాత్రి ఆర్గోనాట్ గనిలో అగ్నిప్రమాదం జరిగినది. లోపల 47 మంది కార్మికులు చిక్కుకున్నారు. పైనుండి దారి మూసుకుపోయినందున పొరుగున ఉన్న కెన్నెడీ గని నుండి రాతిని తొలుచుకుంటూ వెళ్ళవలసి వచ్చినది. మూడు వారాల తరువాత సహాయకులు చేరేసరికి ఎవరూ బ్రతికి లేరు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఇటలీ, స్పెయిన్, సెర్బియా మొదలగు దేశాల నుండి వలస వచ్చినవారు. కాలిఫోర్నియా బంగారు గనుల చరిత్రలో ఇదే అతి ఘోరమైన ప్రమాదం.

జాక్సన్ తరువాత సటర్ క్రీక్, అమడోర్ సిటీ ఊళ్ళ పాత వీధులు చాలా ఇరుకైనవి. 2000ల దశకంలో బైపాస్ రోడ్డు వేసిన తరువాత పెద్ద వాహనాలు ఈ ఊళ్ళలోనికి రానవసరం లేకుండా పోయినది. విస్తీర్ణంలో అమడోర్ సిటీ రాష్ట్రంలోనే అతి చిన్న పురపాలక పట్టణం. ఆ తరువాత డ్రైటౌన్, ప్లిమత్ ఊళ్ళు వస్తాయి.

ఎల్ డొరాడో కౌంటీ

కొసుమ్నెస్ నది దాటిన తరువాత ఎల్ డొరాడో, డైమండ్ స్ప్రింగ్స్ ఊళ్ళ మీదుగా దారి ప్లాసర్‌విల్ చేరి, అక్కడ అమెరికా రహదారి 50ని దాటుతుంది. 1849లో ముగ్గురిని విచారణ పేరుతో ఒక చెట్టుకు ఉరితీసినందున ఈ పట్టణాన్ని పూర్వం "హ్యాంగ్‌టౌన్" అనేవారు.

ప్లాసర్‌విల్‌కు వాయవ్యాన కొలోమా ఉన్నది. బంగారు వేటకు ఆరంభ స్థలం ఇదే. జాన్ సటర్ అనే భూస్వామి కొరకు అమెరికన్ నది దక్షిణ శాఖ ఒడ్డున కోత మిల్లు కడుతున్న జేమ్స్ మార్షల్, 1848 జనవరి 24న కాలువలో మెరుస్తున్న రేకులను చూశాడు. అప్పటికి ఈ భూభాగం మెక్సికోదే. 9 రోజుల తరువాత, ఫిబ్రవరి 2న, యుద్ధంలో ఓడిన మెక్సికో కాలిఫోర్నియాను అమెరికాకు వదలుకొంటూ సంధి పత్రంపై సంతకం చేసినది. ఆ సంధి చేసినవారికి బంగారం వార్త తెలియదు. ఈ ఆవిష్కరణ వలన సటర్ గాని, మార్షల్ గాని బాగుపడలేదు. సటర్ భూములను వలస వచ్చినవారు ఆక్రమించారు. మార్షల్ పేదరికంలో 1885లో మరణించాడు. ఆయన సమాధిపై 1890లో నిలిపిన విగ్రహం రాష్ట్ర ప్రభుత్వపు మొట్టమొదటి చారిత్రక స్మారకం. ఆ విగ్రహం బంగారం దొరికిన చోటును వ్రేలితో చూపుతూ ఉంటుంది.

ప్లాసర్ కౌంటీ

కూల్ అనే ఊరి తరువాత దారి నిటారుగా అమెరికన్ నది లోయలోనికి దిగుతుంది. నది యొక్క ఉత్తర, మధ్య శాఖల సంగమం ఇక్కడే. 1964 డిసెంబరులో వరదల వలన, ఎగువన నిర్మాణంలో ఉన్న హెల్ హోల్ ఆనకట్ట తెగి, ఆ ప్రవాహం రహదారి 49 వంతెనను కూడా కొట్టుకొనిపోయినది. దాని సమీపంలో 1912లో కట్టిన పాత రైలు వంతెన మాత్రం నిలిచినది. దానిపై నేడు కాలిబాట ఉన్నది.

సంగమానికి దిగువన ఆబర్న్ ఆనకట్ట కట్టడానికి 1965లో అమెరికా కాంగ్రెసు అనుమతి ఇచ్చినది. దాని జలాశయాన్ని దాటుటకై 730 అడుగుల ఎత్తున ఫారెస్ట్‌హిల్ వంతెనను 1973లో పూర్తిచేశారు. 1975లో ఉత్తరాన ఓరోవిల్ వద్ద భూకంపం వచ్చిన తరువాత ఆనకట్ట భద్రతపై సందేహాలు తలెత్తి పనులు నిలిచిపోయినాయి. 2008లో రాష్ట్ర జలమండలి ఆ పథకపు నీటి హక్కులను రద్దు చేసినది. నిండని జలాశయంపై అంత ఎత్తైన వంతెన మాత్రం మిగిలినది. లోయ నుండి పైకి ఎక్కగానే కౌంటీ ముఖ్యపట్టణమైన ఆబర్న్ వస్తుంది. ఇక్కడ అంతర్రాష్ట్ర రహదారి 80 కలుస్తుంది.

నెవాడా కౌంటీ

బేర్ నది ప్లాసర్, నెవాడా కౌంటీల సరిహద్దు. ఈ నదీ ప్రాంతంలో 1853లో లింగ్ సింగ్ అనే చైనా కార్మికుడు హత్యకు గురయ్యాడు. చూచిన చైనీయుల సాక్ష్యంపై హంతకునికి శిక్ష పడినది. అయితే 1854లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, తెల్లవారికి విరుద్ధంగా చైనీయుల సాక్ష్యం చెల్లదని తీర్పు ఇచ్చి ఆ శిక్షను కొట్టివేసినది.

గ్రాస్ వ్యాలీ వద్ద రాష్ట్ర రహదారి 20 కలుస్తుంది. రెండూ ఉమ్మడిగా ఫ్రీవేగా నెవాడా సిటీ వరకు సాగుతాయి. గ్రాస్ వ్యాలీలోని ఎంపైర్ గని 1850 నుండి 1956 వరకు పనిచేసి సుమారు 58 లక్షల ఔన్సుల బంగారాన్ని ఇచ్చినది. దాని సొరంగాల మొత్తం పొడవు 367 మైళ్ళు. ఇంగ్లాండులోని కార్న్‌వాల్ నుండి వచ్చిన తగరపు గని కార్మికులు ఇక్కడ ఎక్కువగా పనిచేశారు. నేడు ఇది రాష్ట్ర చారిత్రక వనం. నెవాడా సిటీ పేరు పొరుగున ఉన్న నెవాడా రాష్ట్రం పేరు కంటె పాతది.

నెవాడా సిటీ వద్ద ఫ్రీవే నుండి విడిపోయి దారి దక్షిణ యూబా లోయలోనికి దిగుతుంది. ఈ నదిలో 39 మైళ్ళ భాగాన్ని 1999లో రాష్ట్ర శాసనసభ ఆనకట్టలు కట్టరాని సహజ నదిగా ప్రకటించినది. తరువాతి ఊరు నార్త్ సాన్ హువాన్.

యూబా, సియెర్రా, ప్లూమస్ కౌంటీలు

మధ్య యూబా నది దాటి కొద్ది దూరం మాత్రమే దారి యూబా కౌంటీలో ఉంటుంది. రహదారి పక్కనే ఉన్న క్యాంప్టన్‌విల్‌లో 1870లలో లెస్టర్ పెల్టన్ అనే వడ్రంగి, గనుల యంత్రాలను నీటి ధారతో నడిపేందుకు కొత్త చక్రాన్ని రూపొందించాడు. జలవిద్యుత్ పాఠాలలో విద్యార్థులు చదివే పెల్టన్ చక్రం అదే. దానికి 1880లో పేటెంటు లభించినది.

తరువాత దారి ఉత్తర యూబా నది ఒడ్డునే తూర్పుగా ఎగబ్రాకుతుంది. ఇరుపక్కల దట్టమైన పైన్ అడవులు కలవు. సియెర్రా కౌంటీ ముఖ్యపట్టణం డౌనీవిల్. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీ మొత్తం జనాభా 3,236 మాత్రమే. 1851 జూలై 5న డౌనీవిల్‌లో హోసెఫా అనే మెక్సికో స్త్రీని, తన ఇంటికి వచ్చి అల్లరి చేసిన గని కార్మికుని పొడిచిన నేరానికి, ఆ రోజే గుంపు విచారణ జరిపి వంతెనపై ఉరితీసినది.

సియెర్రా సిటీ దాటిన తరువాత దారి 6,701 అడుగుల (2,042 మీ.) ఎత్తున ఉన్న యూబా కనుమ ఎక్కుతుంది. రహదారి మొత్తంలో ఇదే ఎత్తైన చోటు. చలికాలంలో ఇక్కడ మంచు దట్టంగా పడుతుంది. వాహనాల చక్రాలకు గొలుసులు కట్టుకోవలసి రావచ్చును. కనుమకు ఆవల దృశ్యం పూర్తిగా మారిపోయి, విశాలమైన సియెర్రా వ్యాలీ మైదానం, పశువుల పచ్చిక బయళ్ళు కనబడతాయి. శాట్లీ నుండి సియెర్రావిల్ వరకు రాష్ట్ర రహదారి 89తో కలిసి, ఆపై లాయల్టన్ మీదుగా పోయి, ప్లూమస్ కౌంటీలోని వింటన్ వద్ద రాష్ట్ర రహదారి 70తో కలిసి ఈ దారి ముగుస్తుంది.

బంగారు వేట ప్రభావం

రహదారి వెంట ఉన్న స్మారక ఫలకాలలో గనులు, సత్రాలు, దోపిడీ దొంగల కథలే ఎక్కువ. ఈ భూమి అంతకుముందు ఎవరిదన్న విషయం కూడా తెలుసుకోదగినది. దక్షిణ భాగం మివోక్ జాతి వారిది. అమెరికన్, బేర్, యూబా నదుల ప్రాంతం నిసెనాన్ జాతి వారిది. సియెర్రా వ్యాలీ వైపు వాషో జాతి వారు తిరుగాడేవారు. 1848లో కాలిఫోర్నియాలో సుమారు 1,50,000గా ఉన్న ఆదివాసుల జనాభా, 1870 నాటికి సుమారు 30,000కు పడిపోయినదని అంచనా. రోగాలు, ఆకలి, హత్యలు, బలవంతపు చాకిరి ఇందుకు కారణాలు. 1851లో మారిపోసా ప్రాంతం నుండి బయలుదేరిన మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం ఆదివాసులను వెళ్ళగొట్టుటకే యోసెమిటీ లోయలో ప్రవేశించినది. 1851-52లో ఆదివాసులతో కుదిరిన 18 ఒప్పందాలను అమెరికా సెనేటు ఆమోదించలేదు. నెవాడా సిటీ వద్ద నిసెనాన్ల స్థావరానికి ఉన్న కేంద్ర ప్రభుత్వ గుర్తింపు 1964లో రద్దయినది.

1850లో రాష్ట్ర శాసనసభ విదేశీ గని కార్మికులపై నెలకు 20 డాలర్ల పన్ను విధించినది. సొనోరా ప్రాంతంలోని మెక్సికన్లు వేలాదిగా వెళ్ళిపోయినారు. 1851లో ఆ పన్ను తొలగినా, 1852లో నెలకు 3 డాలర్ల చొప్పున మరల వచ్చినది. ఈసారి దాని భారం ప్రధానంగా చైనీయులపై పడినది.

నదుల సంగతి కూడా ఇటువంటిదే. 1853లో నెవాడా సిటీ సమీపంలో, బలమైన నీటి ధారతో కొండలనే కరిగించి బంగారం తీసే పద్ధతి మొదలయినది. దీనిని హైడ్రాలిక్ మైనింగ్ అంటారు. కొట్టుకువచ్చిన మట్టి యూబా నది అడుగును పైకి లేపి, దిగువ మైదానంలోని పొలాలను, ఊళ్ళను వరదలపాలు చేసినది. సియెర్రా నదులలోనికి ఇలా చేరిన వ్యర్థం 150 కోట్ల ఘనపు గజాలకు పైమాటేనని భూగర్భ శాస్త్రజ్ఞుడు గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ 1917లో లెక్కకట్టాడు. దిగువ రైతులు వేసిన దావాలో 1884 జనవరి 7న న్యాయమూర్తి లొరెంజో సాయర్, వ్యర్థాలను నదులలోనికి వదలరాదని తీర్పు ఇచ్చాడు. పర్యావరణ విషయంలో అమెరికా న్యాయస్థానాలు ఇచ్చిన తొలి ముఖ్య తీర్పులలో ఇది ఒకటి. బంగారాన్ని వేరుచేయడానికి వాడిన పాదరసం నేటికీ ఈ నదుల ఒండ్రులోను, చేపలలోను కనబడుతున్నది.

నేటి స్థితి

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 అక్టోబరులో, అమెరికా ప్రభుత్వం బంగారు గనులను మూసివేయమని ఉత్తర్వు ఇచ్చినది. వాటిలో చాలా గనులు మరల తెరువబడలేదు. ఇప్పుడు రహదారి వెంట పర్యాటకం, పశుపోషణ, ద్రాక్ష తోటలు, కలప ముఖ్య జీవనాధారాలు. గ్రాస్ వ్యాలీ వద్ద మూతపడిన ఐడహో-మేరీల్యాండ్ గనిని మరల తెరవాలన్న ప్రతిపాదనను 2024 ఫిబ్రవరిలో నెవాడా కౌంటీ పర్యవేక్షకుల మండలి తిరస్కరించినది. భూగర్భ జలాలు, రాకపోకలు, శబ్దంపై స్థానికులు వ్యక్తపరచిన ఆందోళన ఈ వివాదంలో ముఖ్యమైనది.

ఈ ప్రాంతానికి నేటి పెద్ద ప్రమాదం కార్చిచ్చు. 1988 సెప్టెంబరులో నెవాడా కౌంటీలో ఈ రహదారి సమీపంలో పుట్టి, దీని పేరుతోనే "ఫార్టీనైనర్ ఫైర్" అని పిలువబడిన మంట వందలాది కట్టడాలను దహించినది. 2017 జూలైలో డెట్‌వైలర్ కార్చిచ్చు వలన మారిపోసా పట్టణమంతటినీ ఖాళీ చేయించవలసి వచ్చినది. అనేక ఊళ్ళకు ఈ రెండు వరుసల దారియే ముఖ్య మార్గం కనుక, పర్యాటకులకు వినోదమైన ఈ మెలికల దారి అటువంటి సమయంలో అక్కడివారికి ప్రాణాధారం అవుతుంది.

ముఖ్య కూడళ్ళు

* ఓక్‌హర్స్ట్ - రాష్ట్ర రహదారి 41 (దక్షిణపు కొస)
* మారిపోసా - రాష్ట్ర రహదారి 140
* కూల్టర్‌విల్ - రాష్ట్ర రహదారి 132
* మొకాసిన్ - రాష్ట్ర రహదారి 120
* జేమ్స్‌టౌన్, సొనోరా - రాష్ట్ర రహదారి 108
* ఏంజెల్స్ క్యాంప్ - రాష్ట్ర రహదారి 4
* శాన్ ఆండ్రియాస్ - రాష్ట్ర రహదారి 12
* మొకెలమీ హిల్ - రాష్ట్ర రహదారి 26
* జాక్సన్ - రాష్ట్ర రహదారి 88
* ప్లాసర్‌విల్ - అమెరికా రహదారి 50
* ఆబర్న్ - అంతర్రాష్ట్ర రహదారి 80
* గ్రాస్ వ్యాలీ, నెవాడా సిటీ - రాష్ట్ర రహదారి 20
* శాట్లీ, సియెర్రావిల్ - రాష్ట్ర రహదారి 89
* వింటన్ - రాష్ట్ర రహదారి 70 (ఉత్తరపు కొస)